వాలై వేటకు ఏ జిగ్ ఎంచుకోవాలి? తరచుగా అడిగే ప్రశ్నలు

మినియాపొలిస్, డెట్రాయిట్, క్లీవ్‌లాండ్, విన్నిపెగ్ చుట్టుపక్కల ఉంటున్న మనవాళ్ళెవరైనా వాలై చేపకు గాలం వేద్దామనుకుంటే మొదటి చిక్కు గాలం సామాన్లమ్మే టాకిల్ షాపులోనే వస్తుంది. గోడ నిండా జిగ్గులు, అంటే లోహపు తల ఉన్న కొక్కేలు. పది రకాల తలలు, ఇరవై రంగులు, అరడజను బరువులు. అక్కడ నిలబడి ఏది తీసుకోవాలో తోచనివాళ్ళు అడిగే ప్రశ్నలే ఇవి. నా జవాబులన్నిటి వెనకా ఒకటే నమ్మకం ఉంది. బరువు సరిగ్గా కుదిరితే మిగతావన్నీ సర్దుకోవచ్చు. అది తప్పితే ఎంత మంచి రంగైనా, ఎంత తాజా ఎరైనా ఆదుకోదు.

వాలైకి జిగ్గే ఎందుకు?

వాలై ఉత్తర అమెరికా మంచినీటి చేప, ఎల్లో పెర్చ్‌కు దగ్గరి చుట్టం. 1965 నుంచి మిన్నెసోటా రాష్ట్ర చేప ఇదే. కెనడాలో చాలామంది పికెరెల్ అంటారు. దీని కంటి వెనక వెలుతురును తిప్పికొట్టే పొర ఒకటి ఉంటుంది. రాత్రి టార్చి వేస్తే కళ్ళు తెల్లగా మెరిసేది అందుకే. మసక వెలుతురులో తన ఎర కంటే ఇది బాగా చూస్తుంది కాబట్టి తెల్లవారుజామున, పొద్దుగూకే వేళ, మబ్బు పట్టినప్పుడు, గాలికి నీళ్ళు అలలు కట్టినప్పుడు మేతకు బయల్దేరుతుంది. ఎండ ఎక్కాక ఎక్కువగా అడుగుకు దగ్గరగా ఉండిపోతుంది.

జిగ్ అంటే కొక్కెం మెడ దగ్గర లోహం పోసి చేసిన తల. బరువూ కొక్కెమూ ఒకే ముక్కగా ఉంటాయి. ఎరను నేరుగా అడుగుకు దింపి, చేప ముందు నెమ్మదిగా ఆడించడానికి దీన్ని మించిన సాధనం లేదు. పైగా చవక.

జిగ్ కొనేటప్పుడు మొదట ఏం చూడాలి?

బరువు. నేను వెతికేది అడుగు తగిలినట్టు చేతికి తెలిసే జిగ్గుల్లో అన్నిటికంటే తేలికైనది.

వాలై ఎరను పళ్ళతో పట్టి లాగదు. నోరు తెరిచి, మొప్పలు విప్పి, ముందున్న నీటితో పాటు ఎరను లోపలికి పీల్చేస్తుంది. జిగ్ మరీ బరువుగా ఉంటే ఆ పీల్పుకు కదలదు, ఎర తోక మాత్రమే నోట్లోకి వెళ్ళి వస్తుంది. పైకి తీసి చూస్తే ఎరగా గుచ్చిన చిన్న చేప, అంటే మిన్నో, సగం చిరిగి ఉంటుంది, చేప మాత్రం ఉండదు. బరువైన జిగ్ కిందికి కూడా వేగంగా పడిపోతుంది. వాలై ఎక్కువసార్లు కొట్టేది ఎర దిగుతున్నప్పుడే. ఆ దిగే సమయం అర క్షణంలో ముగిస్తే దానికి అవకాశమే ఇవ్వనట్టు.

మరీ తేలికైతే ఇంకో కష్టం. నీళ్ళలో లైను విల్లులా వంగిపోతుంది, జిగ్ ఎక్కడుందో మీకు తెలియదు, చేప పట్టి వదిలేసినా తెలియదు. ఈ రెంటికీ మధ్య ఉన్న బరువు రోజురోజుకీ, ఒక్కోసారి గంటగంటకీ మారుతుంది. అందుకే ఒకే రంగులో నాలుగు బరువులు కొనుక్కోండి. ఒకే బరువులో నాలుగు రంగులు ఉంటే పెద్దగా ఒరిగేదేమీ లేదు.

ఎంత లోతుకు ఎంత బరువు?

గాలి పెద్దగా లేని సరస్సులో ప్రతి పదడుగుల లోతుకు 1/8 ఔన్సు అన్నది పాత లెక్క. పదడుగులకు 1/8 (సుమారు 3.5 గ్రాములు), ఇరవైకి 1/4 (7 గ్రాములు), ముప్పైకి 3/8 (10.5 గ్రాములు). ఎనిమిదడుగుల లోపు, చల్లని నీళ్ళలో 1/16 కూడా చాలు.

అయితే ఇది మొదలుపెట్టడానికే. నీళ్ళలో దిగాక లైను వాలు చూడండి. పడవ అంచు నుంచి లైను 45 డిగ్రీల కంటే ఎక్కువ వెనక్కి వాలిపోతే జిగ్ అడుగు వదిలేస్తోందని అర్థం, ఒక మెట్టు పెంచండి. లైను తిన్నగా దిగి, తల ప్రతిసారీ బురదలో గట్టిగా గుద్దుకుంటుంటే ఒక మెట్టు తగ్గించండి. మార్చడానికి బద్ధకించకూడదు. కొత్తవాళ్ళు ఉదయం కట్టిన జిగ్గునే సాయంత్రం దాకా ఉంచేస్తారు, ఎక్కువ చేపలు పోయేది అక్కడే.

గాలి ఎక్కువగా ఉన్న రోజు?

పడవ కొట్టుకుపోయే వేగమే అసలు లెక్క. పన్నెండడుగుల లోతులో ప్రశాంతమైన ఉదయం 1/8 సరిపోయిన చోటే, మధ్యాహ్నం గాలి లేచాక 1/4 కావాలి. బరువు పెంచే ముందు పడవను నెమ్మదింపజేసే దారి చూడండి. డ్రిఫ్ట్ సాక్ (నీళ్ళలో ఈడ్చుకుపోతూ పడవను నెమ్మదింపజేసే గుడ్డ సంచి) వేయొచ్చు, ట్రోలింగ్ మోటరుతో (చిన్న కరెంటు మోటరు) గాలికి ఎదురు నిలబడొచ్చు, లంగరు వేయొచ్చు. పడవ నెమ్మదిస్తే తేలిక జిగ్గుతోనే పని జరుగుతుంది.

చిన్న అలలు లేచే గాలిని మిన్నెసోటాలో వాలై చాప్ అంటారు. పైన నీళ్ళు కదిలితే లోపలికి వెలుతురు తగ్గుతుంది, చేప గట్టుకు దగ్గరగా వస్తుంది. గాలి కొట్టే ఒడ్డును వదిలిపెట్టకండి.

నదిలో ఇదే లెక్క పనిచేస్తుందా?

పనిచేయదు. నదిలో లోతు కంటే ప్రవాహానిదే పెత్తనం.

డెట్రాయిట్ నది సంగతి తీసుకోండి. వసంతంలో ఈరీ సరస్సు నుంచి వాలైలు గుడ్లు పెట్టడానికి ఈ నదిలోకి ఎక్కుతాయి. ఏప్రిల్‌లో వందలాది పడవలు అక్కడే కనిపిస్తాయి. నీటి వడి బాగా ఉంటుంది, ఇరవై ముప్పై అడుగుల లోతులో వేట. అక్కడ 1/2, 5/8, 3/4 ఔన్సు జిగ్గులు మామూలే. సరస్సుల్లో వేటాడినవాళ్ళకు ఆ సైజు చూస్తే భయం వేస్తుంది గానీ, అంతకంటే తేలికైతే అడుగే తగలదు. అక్కడివాళ్ళు పడవను ప్రవాహంతో పాటే దిగువకు వదులుతారు. ట్రోలింగ్ మోటరుతో పడవ వేగాన్ని నీటి వేగానికి సరిపెట్టి, లైను నిట్టనిలువుగా ఉండేలా చూస్తారు. జిగ్గును అడుగుకు తాకించి, కొన్ని అంగుళాలు లేపి, మళ్ళీ దించుతూ పోతారు. లైను ఏటవాలుగా మారిన క్షణం నుంచి చేప పడదు, జిగ్గు మాత్రం రాళ్ళలో పడుతుంది. మొత్తం విద్య పడవ నడపడంలోనే ఉంది.

మినియాపొలిస్, సెయింట్ పాల్ జంట నగరాలవాళ్ళకు దగ్గరిది రెడ్ వింగ్ దగ్గర మిస్సిసిపి నది, అక్కడివాళ్ళు పూల్ 4 అనే భాగం. లాక్ అండ్ డ్యామ్ 3 అనే ఆనకట్ట కింద చలికాలం చివర్లోనే పడవలు దిగుతాయి. వడి తక్కువున్న అంచుల్లో 1/8, 1/4 ఔన్సు జిగ్గుకు సన్నటి ప్లాస్టిక్ పురుగు గుచ్చి, నీటికి ఎదురుగా నెమ్మదిగా ఈడుస్తారు. ఒకే నదిలో నడి ప్రవాహానికి ఒక బరువు, అంచుకు ఒక బరువు.

ఒహాయోలో మౌమీ నదిలో మార్చి, ఏప్రిల్ నెలల్లో జనం నడుములోతు నీళ్ళలో నిలబడి వేస్తారు. అక్కడ చేప నోటికి కాకుండా ఒంటికి కొక్కెం తగిలితే వదిలేయాల్సిందే. చట్టం అది, పాటించండి.

తల ఆకారాల్లో ఇన్ని రకాలెందుకు? నాకు ఏవి అవసరం?

గుండ్రటి తలతో మొదలుపెట్టండి. నిలువుగా ఆడించడానికీ, విసరడానికీ, ఈడవడానికీ అన్నిటికీ ఒప్పుతుంది. చాలామందికి జీవితాంతం అదే చాలు.

అడుగున నెమ్మదిగా ఈడ్చేవాళ్ళకు స్టాండ్ అప్ తల మేలు. అడుగున ఆగినప్పుడు కొక్కెం పైకి లేచి ఉంటుంది, ఎర బురదలో పడుకోదు. జలగ కట్టినప్పుడు దీని విలువ తెలుస్తుంది. పక్కల నుంచి నొక్కినట్టుండే పలుచటి తల వడిని బాగా కోస్తుంది, నదికి అది. నాచులో అయితే ముందు భాగం కోసుగా ఉండి, లైను కట్టే కన్ను ముక్కు చివర ఉన్న తల చూడండి. కన్ను తల పైన ఉంటే ప్రతి ఆకూ అక్కడే చుట్టుకుంటుంది. ఫోమ్ లాంటి తేలే పదార్థంతో చేసిన ఫ్లోటింగ్ జిగ్గులు కూడా ఉన్నాయి. వాటికి బరువు వేరే కట్టాలి, ఎర అడుగుకు కాస్త పైన తేలుతుంది.

కొక్కెం సైజు, కాడ పొడవు పట్టించుకోవాలా?

కచ్చితంగా. బతికున్న ఎరకు పొట్టి కాడ, మెత్తటి ప్లాస్టిక్ ఎరకు పొడవు కాడ. పొట్టి కాడ అయితే మిన్నో తల జిగ్గుకు ఆనుకుని కూర్చుంటుంది, రెండూ కలిపి ఒకే ముద్దలా చేప నోట్లోకి వెళ్తాయి. మూడు నాలుగు అంగుళాల ప్లాస్టిక్‌కు కాడ పొట్టిగా ఉంటే కొక్కెం మొన మరీ ముందుకు వచ్చేసి, వెనక నుంచి కొట్టిన చేప తప్పించుకుంటుంది.

ఈ లోహపు తలలు కొనేటప్పుడు కొక్కెం మొన గోటి మీద పెట్టి చూడండి. జారిపోతే మొద్దు, నిలబడితే పదును. వాలై నోరు పైభాగం ఎముక. మొద్దు కొక్కెం దాంట్లో దిగదు. రాళ్ళలో ఆడించాక అప్పుడప్పుడు ఆకురాయితో రెండు గీతలు గీయడం మంచి అలవాటు.

చేప తోక మాత్రమే కొరికి పోతోంది. ఏం చేయాలి?

ముందు బరువు తగ్గించి చూడండి. తర్వాత ఎర పొడవు తగ్గించండి. అప్పటికీ అదే తంతు అయితే స్టింగర్, అంటే జిగ్గుకు వెనక చిన్న తీగతో కట్టిన రెండో కొక్కెం, తగిలించండి. చల్లని నీళ్ళలో, పెద్ద మిన్నోలు కట్టినప్పుడు ఇది చేపల్ని దక్కిస్తుంది. చేపను వదిలేసే ఉద్దేశం ఉంటే మాత్రం స్టింగర్ వాడకపోవడమే మేలు, మొప్పల దగ్గర గుచ్చుకుంటుంది.

ఏ రంగు?

అందరూ మొదట అడిగేదీ, నేను చివర్లో ఆలోచించేదీ ఇదే.

రంగుకు విలువ లేదని కాదు. వాలై కంట్లో రంగును పట్టే కణాలు ఆకుపచ్చకూ, నారింజ ఎరుపు ఛాయలకూ బాగా స్పందిస్తాయి. టాకిల్ షాపులో చార్ట్రూస్ అనే పసుపుపచ్చ, నారింజ ఎప్పుడూ అమ్ముడుపోవడానికి కారణం ఉంది. నీళ్ళలో లోతుకు పోయేకొద్దీ ఎరుపు ముందుగా మాయమవుతుంది, ముప్పై అడుగుల్లో ఎర్ర జిగ్ నల్లటి ముద్దే.

లేక్ ఆఫ్ ద వుడ్స్ లాంటి టీ రంగు నీళ్ళలో బంగారు రంగు, గులాబీ, చీకట్లో వెలిగే గ్లో రంగులు వాడతారు. ఈరీ సరస్సు తూర్పు భాగం లాంటి తేట నీళ్ళలో తెలుపు, వెండి, ఊదా, చిన్న చేపల్ని పోలిన రంగులు. వాన తర్వాత మట్టి నీళ్ళలో బాగా మెరిసే నారింజ, పసుపుపచ్చ. చీకటి పడ్డాక గ్లో, లేదా ఆకాశం వెలుతురుకు ఎదురుగా కనిపించే నలుపు. ఇంతకు మించి నేను తలపట్టుకోను. పడవలో ఇద్దరుంటే ఇద్దరూ చెరో రంగు కట్టండి, గంటలో చేపలే చెప్తాయి.

ఎర ఏది కట్టాలి?

మిన్నో, జలగ, వానపాము. ఈ మూడింటికీ వాటి వాటి కాలం ఉంది.

నీళ్ళు చల్లగా ఉన్న వసంతంలో, మళ్ళీ ఆకులు రాలే కాలంలో మిన్నో. మిన్నెసోటాలో మే నెలలో సీజన్ తెరిచే శనివారం రోజున బైట్ షాపుల్లో స్పాట్‌టెయిల్ షైనర్లనే మిన్నోల కోసం తెల్లారక ముందే వరస కడతారు. దొరక్కపోతే ఫ్యాట్‌హెడ్ మిన్నో ఎక్కడైనా దొరుకుతుంది. నోట్లోంచి గుచ్చి మొప్పలోంచి తీసి, వీపులో మళ్ళీ గుచ్చితే మిన్నో విసిరినా ఊడదు. పడవ కిందే నిలువుగా ఆడించేటప్పుడు రెండు పెదవులూ కలిపి గుచ్చితే చాలు, బతికి ఈదుతుంది.

నీళ్ళు వెచ్చబడ్డాక, జూన్ మొదటి నుంచి, జలగ. మన ఊళ్ళలో జలగ అంటేనే ఒళ్ళు జలదరిస్తుంది. నిజానికి ఇక్కడ ఎరగా అమ్మే రిబ్బన్ జలగలు మనిషి రక్తం పీల్చే రకం కాదు. వెడల్పు చివరనున్న పీల్చే గిన్నె దగ్గర గుచ్చండి, నీళ్ళలో రిబ్బనులా ఈదుతుంది. చల్లని నీళ్ళలో మాత్రం ముడుచుకుని బంతిలా అయిపోతుంది, అప్పుడు దండగ. నడి వేసవిలో పెద్ద వానపాము, సగానికి తుంపి కాడ పొడవునా ఎక్కించింది, బాగా పనిచేస్తుంది. పెర్చ్‌లు కొరికి పాడుచేస్తుంటే ప్లాస్టిక్‌కు మారండి.

జూన్, జూలైల్లో మేఫ్లై పురుగులు బురద అడుగుల నుంచి లేచే వారాలు వస్తాయి. అప్పుడు వాలైలు ఆ చిన్న పురుగులతోనే కడుపు నింపుకుంటాయి, పెద్ద ఎరను చూడవు. ఆ రోజుల్లో 1/16 ఔన్సు జిగ్, చిన్న జలగ ముక్క, చాలా నెమ్మదిగా. వేరే ఏది వేసినా చేప లేదనుకుని వెనక్కి వచ్చేస్తారు.

బతికున్న ఎర లేకుండా కుదరదా?

బాగా కుదురుతుంది. తెడ్డు తోక ప్లాస్టిక్‌లు విసిరి లాగడానికి, సన్నటి తోక పురుగులు నదికి, మిన్నో ఆకారంలో ఉండేవి నిలువు వేటకు. వెచ్చని నీళ్ళలో ప్లాస్టిక్‌ను కాస్త వేగంగా, చురుగ్గా కదిపితే బతికున్న ఎర కంటే ఎక్కువ చేపల్ని రప్పించిన రోజులున్నాయి. ప్లాస్టిక్ వెడల్పుగా ఉంటే జిగ్ నెమ్మదిగా దిగుతుందని గుర్తుపెట్టుకోండి. తల మార్చకుండానే దిగే వేగాన్ని మార్చడానికి అదొక మార్గం.

జింక తోక వెంట్రుకలు కట్టిన హెయిర్ జిగ్గులంటే నాకు ప్రత్యేకమైన ఇష్టం. బాగా చల్లని నీళ్ళలో, చేప బద్ధకంగా ఉన్నప్పుడు, ఆ వెంట్రుకలు జిగ్ కదలకపోయినా ఊపిరి తీస్తున్నట్టు కదులుతాయి. ఈరీ పశ్చిమ భాగంలో, పోర్ట్ క్లింటన్ ఎదుట ఉన్న రాతి దిబ్బల మీద ఏప్రిల్‌లో వీటితో తరతరాలుగా వేటాడుతున్నారు. వాలై మీద ఆ ఊరి అభిమానం ఎంతంటే కొత్త సంవత్సరం అర్ధరాత్రి క్రేనుతో పెద్ద వాలై బొమ్మను కిందికి దించుతారు.

జిగ్గింగ్ ర్యాప్ కూడా జిగ్గేనా?

ఆడించే తీరు జిగ్గుదే, తత్వం వేరు. ఫిన్లాండ్ కంపెనీ రపాలా చేసే జిగ్గింగ్ ర్యాప్, అంటే చిన్న చేప ఆకారంలో ఉండే బరువైన ఎర, మొదట మంచు వేటకు పేరు తెచ్చుకుంది. ఇప్పుడు వేసవిలో కూడా వాడుతున్నారు. పైకి చటుక్కున లాగి వదిలితే పక్కకు దూసుకెళ్ళి తిరిగి వస్తుంది. తినే ఆకలి లేని చేప కూడా ఆ దూకుడుకు రెచ్చిపోయి కొడుతుంది. ఇక్కడ తేలిక జిగ్ సూత్రం తిరగబడుతుంది. వేగంగా పడటమే దీని బలం కాబట్టి బరువైనదే ఎంచుకోండి. మామూలు జిగ్ చేతికి అలవాటు అయ్యాక దీని జోలికి వెళ్ళండి.

మంచు వేటకు?

గడ్డకట్టిన సరస్సులో కన్నం దగ్గర కదిలే పడవ లేదు, లైనును ఈడ్చే గాలి లేదు. అందుకని తేలికగా వెళ్ళొచ్చు. మామూలుగా రెండు గాలాలు వేస్తారు. ఒకటి చప్పుడు చేసే స్పూన్ (చెంచాలాంటి లోహపు ఎర), మిన్నో తల ముక్కతో, చేపల్ని పిలవడానికి. రెండోది సాదా జిగ్గుకు బతికున్న మిన్నో, కదలకుండా. చాలాసార్లు స్పూన్ పిలుస్తుంది, రెండోది పడుతుంది. ఎన్ని గాలాలు వేయొచ్చన్నది రాష్ట్రాన్ని బట్టి ఉంటుంది, చూసుకోండి.

ఏ రాడ్, ఏ లైను?

ఆరున్నర నుంచి ఏడడుగుల స్పిన్నింగ్ రాడ్, మీడియం లైట్, కొస చురుగ్గా వంగేది. రీలు 2500 సైజు. లైను సన్నగా ఉండటం బరువుతో ముడిపడ్డ సంగతి. సన్నటి లైనుకు నీటి పట్టు తక్కువ, అదే జిగ్ త్వరగా అడుగు చేరుతుంది. 10 పౌండ్ల బ్రెయిడ్ (అల్లిన లైను), చివర రెండు మూడు అడుగుల 8 పౌండ్ల ఫ్లోరోకార్బన్ (నీళ్ళలో అంతగా కనిపించని లైను) కడితే సరస్సులకు బాగుంటుంది. మెరిసే రంగు బ్రెయిడ్ తీసుకుంటే లైను ఉలికిపడటం కంటికి కనిపిస్తుంది. ముడికి పాలోమార్ నేర్చుకోండి. మధ్యలో క్లిప్పులు, స్వివెల్ స్నాప్‌లు వద్దు, జిగ్ నడక చెడుతుంది.

జిగ్గును ఎలా కదపాలి? కాటు ఎలా తెలుస్తుంది?

అడుగు తగలనివ్వండి. రాడ్ కొసను ఆరు అంగుళాల నుంచి అడుగు దాకా లేపండి. దించేటప్పుడు కొసను జిగ్గుతో పాటే కిందికి తీసుకెళ్ళండి, లైను బిగుసుకోకుండా, మరీ వదులైపోకుండా. ఈ దించడంలోనే నేర్పు అంతా ఉంది. లైను బిగుసుకుని ఉంటే చేప పీల్చినా ఎర లోపలికి పోదు, మరీ వదులైతే పీల్చిన సంగతే మీకు అందదు.

కాటు ఒక్కోసారి ఠక్కుమని తగులుతుంది. చాలాసార్లు అంత స్పష్టంగా ఉండదు. లేపబోతే జిగ్ తడిసిన గుడ్డ తగులుకున్నట్టు బరువుగా ఉంటుంది, లేదా దిగాల్సిన లోతు రాకముందే లైను ఆగిపోతుంది. ఏ తేడా అనిపించినా మణికట్టుతో గట్టిగా ఎత్తండి. నాచు అయితే పోయేదేమీ లేదు.

చల్లని నీళ్ళలో కదలిక చిన్నదిగా, ఆగడం పొడవుగా. వేసవిలో దానికి తిరగేసి.

సీసం వాడాలా, టంగ్‌స్టన్ వాడాలా?

కుదిరినంతవరకు సీసం మానేయండి. ఈ విషయంలో నాకు రెండో ఆలోచన లేదు.

మిన్నెసోటా రాష్ట్ర పక్షి లూన్ తిండి అరగడానికి గులకరాళ్ళు మింగుతుంది. రాళ్ళతో పాటు తెగిపోయిన జిగ్గుల్నీ, జిగ్ మింగిన చేపల్నీ మింగేస్తుంది. ఒక్క చిన్న సీసపు తల చాలు, విషం ఎక్కి చచ్చిపోవడానికి. న్యూ హాంప్‌షైర్‌లో ఒక ఔన్సు, అంతకు తక్కువ బరువున్న సీసపు జిగ్గులు నిషేధం. కెనడా జాతీయ ఉద్యానవనాల్లో 1997 నుంచి 50 గ్రాముల లోపు సీసం కుదరదు.

టంగ్‌స్టన్ సాంద్రత ఎక్కువ కాబట్టి అదే బరువుకు తల చిన్నగా ఉంటుంది, త్వరగా దిగుతుంది, గట్టిదనం వల్ల రాయి తగిలినా బురద తగిలినా తేడా చేతికి తెలుస్తుంది. ఖరీదు మాత్రం బాగా ఎక్కువ. రాళ్ళలో రోజుకు పది పోగొట్టుకునే చోట తగరం, బిస్మత్ కలిపి చేసిన జిగ్గులు మధ్యే మార్గం. అవి సీసం కంటే తేలిక, అందువల్ల అదే బరువుకు తల కాస్త పెద్దదిగా కనిపిస్తుంది.

పడవ లేదు. ఒడ్డు నుంచి పని జరుగుతుందా?

జరుగుతుంది. మే నెలలో, అక్టోబరులో చీకటి పడ్డాక వాలైలు మోకాలి లోతు నీళ్ళ దాకా వస్తాయి. రెండు సరస్సుల్ని కలిపే కాలువలు, వంతెనల కింద, రాళ్ళు పేర్చిన కట్టలు, డ్యాముల దిగువ చూడండి. 1/16 లేదా 1/8 ఔన్సు జిగ్, మూడంగుళాల తెడ్డు తోక, అడుగుకు కాస్త పైన నెమ్మదిగా లాగడమే. పిల్లల్ని తీసుకెళ్ళేవాళ్ళు అదే జిగ్గును బెండు కింద కట్టి, జలగ గుచ్చి ఇవ్వండి. బెండు మునగడం చూస్తూ వాళ్ళు గంటలు గంటలు కూర్చుంటారు.

మొదటిసారి కొంటున్నాను. సంచిలో ఏముండాలి?

గుండ్రటి తల, పొట్టి కాడ జిగ్గులు 1/16, 1/8, 1/4, 3/8 ఔన్సుల్లో, ఒక్కోటి నాలుగైదు. రంగులు రెండే, పసుపుపచ్చ ఒకటి, బంగారం లేదా తెలుపు ఒకటి. ప్లాస్టిక్‌కు పొడవు కాడవి 1/8, 1/4లో కొన్ని, మూడంగుళాల తెడ్డు తోకలు ఒక ప్యాకెట్. నదికి వెళ్తారంటే 1/2, 5/8 కలపండి. 1/8, 1/4 అన్నిటికంటే త్వరగా అయిపోతాయి, అవి ఎక్కువ తీసుకోండి.

లైసెన్స్, నిబంధనల సంగతి?

వీసా మీద ఉన్నా, చూడటానికి వచ్చిన అమ్మానాన్నలైనా లైసెన్స్ తీసుకోవచ్చు, తీసుకోవాలి. మిన్నెసోటాలో 16 ఏళ్ళు నిండినవాళ్ళకు తప్పనిసరి. ఎన్ని ఉంచుకోవచ్చు, ఎంత పొడవువి వదిలేయాలి అన్నవి రాష్ట్రానికీ, ఒక్కోసారి ఒక్కో సరస్సుకీ వేరు, ఏటా మారతాయి. బయల్దేరే ముందు ఆ ఏడాది నియమాలు చదవండి. సరిహద్దు దాటి అంటారియో వెళ్తుంటే బతికున్న మిన్నోలు, జలగలు వెంట తీసుకెళ్ళడం నేరం, అక్కడే కొనుక్కోవాలి. ఎర బకెట్టులో సరస్సు నీళ్ళు నింపుకుని మరో చోటికి పోకూడదు, ఒక సరస్సు పురుగూ నాచూ ఇంకో సరస్సుకు పాకుతాయి.

పట్టిన చేపను వదిలేయాలంటే?

చేయి తడి చేసుకుని పట్టుకోండి. వీపు మీది ముళ్ళ రెక్కా, పళ్ళూ రెండూ గుచ్చుకుంటాయి, మొప్పల్లో మాత్రం వేలు పెట్టొద్దు. కొక్కెం ముల్లును ముందే శ్రావణంతో నొక్కేస్తే తీయడం తేలిక. లోపలికి మింగేసి ఉంటే లాగకండి, లైను దగ్గరగా కత్తిరించి వదిలేయండి.

ముప్పై అడుగుల కంటే లోతు నుంచి పైకి లాగిన వాలైకి గాలితిత్తి ఉబ్బిపోతుంది, వదిలినా చాలావరకు బతకదు. అందుకే వదిలేద్దామన్న ఉద్దేశంతో లోతు నీళ్ళలో వేటాడకండి. అక్కడ పట్టినవి నియమాలు ఒప్పుకున్నంత వరకు ఉంచుకుని, చాలినన్ని కాగానే గట్టు దగ్గరి నీళ్ళకు మారిపోండి.

వండుకోవడానికి ఎలా ఉంటుంది?

తెల్లటి గట్టి కండ, కొర్రమీనులా ముళ్ళ బెడద తక్కువ, నీచు వాసన దాదాపు లేదు. ఫిల్లెట్ తీసి వేపుడుకు పెట్టండి. పులుసులో ముక్క త్వరగా విడిపోతుంది కాబట్టి చింతపండు రసం మరిగి చిక్కబడ్డాకే వేయండి. పెద్ద చేపల్లో పాదరసం పేరుకుంటుంది. పిల్లలకూ, గర్భిణులకూ పెట్టేముందు ఆ సరస్సుకు రాష్ట్ర ఆరోగ్య శాఖ ఇచ్చిన సూచన చూడండి. చిన్నవి తినండి, గుడ్లు పెట్టే పెద్ద చేపల్ని నీళ్ళలోనే ఉండనివ్వండి.